నలభై ఆరు ఆమేన్లు

తిమోతి విత్తనాలు లెక్కపెట్టి రిటైరైన మనిషి. మాటవరసకు అనడం లేదు, ఆయన ఉద్యోగమే అది. నంద్యాలలో విత్తనాలు పరీక్షించే ఒక ల్యాబులో అటెండరుగా చేరి, ముప్పై ఒక్క ఏళ్లు అదే పని చేశాడు. తడి కాగితం మీద వంద శనగలు వరుసగా పేర్చడం, చుట్ట చుట్టి పెట్టెలో పెట్టడం, ఎనిమిదో రోజు విప్పి ఎన్ని మొలిచాయో ఎన్ని కుళ్లాయో లెక్క చెప్పడం. సంతకాలు పెట్టే ఆఫీసర్లు వచ్చారు, పోయారు, ప్రమోషన్లు కొట్టేశారు. తిమోతి మాత్రం శనగల దగ్గరే ఉండిపోయాడు. అందుకు ఆయనకు బాధ లేకపోగా బోలెడంత గర్వం ఉండేది.

ఒకసారి ఒక విత్తనాల కంపెనీ ఆయన కేజీ మైసూర్‌పాక్ పట్టుకుని వచ్చాడు. వాళ్ల శనగలు నూటికి అరవై నాలుగే మొలిచాయి. ఎనభై ఐదైనా ఉంటే తప్ప సంచులు అంగట్లోకి పోవు. తిమోతి మూత తెరిచి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు, బాగుందన్నాడు, ఇంకో ముక్క పక్క టేబుల్ ఆయనకిచ్చాడు, తర్వాత కాగితం మీద అరవై నాలుగని రాసి ఇచ్చాడు. కంపెనీ ఆయన మొహం చూడాల్సిందేనని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాడు. విన్నవాళ్లు నవ్వకపోయినా ఆయన ఆగడు.

ఈ పని చేసీ చేసీ ఆయనకు ఒక రోగం పట్టుకుంది. ఎవరు ఏం చెప్పినా "నూటికి ఎన్ని?" అని అడగడం. పెళ్లిచూపుల్లో మధ్యవర్తి, పిల్ల వంట బ్రహ్మాండంగా చేస్తుందంటే "నూటికి ఎన్ని రోజులు?" అన్నాడు. తలుపు వెనక నుంచి ఆ పిల్ల ప్రియదర్శిని వినింది. "ఆయప్ప నెత్తిన నూటికి ఎన్ని ఎంట్రుకలు మిగిలినాయో ముందు కనుక్కోండి" అని లోపలి నుంచే అనేసింది. అప్పటికి తిమోతికి ఇరవై ఆరేళ్లే, బట్టతల మాత్రం యాభై ఏళ్లది. ఆ మాటకే ఆమెను చేసుకున్నాడు.

అన్నిచోట్లా చెల్లిన ఆ ప్రశ్న చర్చిలో మాత్రం చెల్లలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం అక్కడ సాక్ష్యాలు చెబుతారు. దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరే లేచి చెప్పడం, మిగతా అందరూ ఆమేన్ అనడం. ఒక ఆదివారం సంజీవయ్య లేచాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి, గొంతు ఇంజన్ మోత. ఆముదంలో కర్పూరం కలిపి రాస్తే మూడు రోజుల్లో మోకాళ్ల నొప్పి పారిపోయిందని సాక్ష్యమిచ్చాడు. అందరూ ఆమేన్ అన్నారు. వెనక వరుసలోంచి తిమోతి లేచి, "ఎన్ని మోకాళ్లకు రాసి చూసినావన్నా?" అన్నాడు.

"నాకుండేటివి రెండే మోకాళ్లప్పా" అన్నాడు సంజీవయ్య.

చర్చి అంతా గొల్లుమంది. పాస్టరుగారు మంచినీళ్లు తాగి, "సాక్ష్యమంటే పరీక్ష కాదు బ్రదర్" అన్నాడు మెల్లగా. తర్వాతి వారం నుంచి తిమోతికి ఫ్యాన్ల స్విచ్చులు వేసే బాధ్యత అప్పగించారు. స్విచ్చుబోర్డు గుమ్మం బయట ఉంటుంది. ఆయన నోటి నుంచి సంఘాన్ని కాపాడుకోవడానికి అంతకు మించిన ఉపాయం వాళ్లకు దొరకలేదు.

తనను ఎవడూ బోల్తా కొట్టించలేడని తిమోతికి గట్టి నమ్మకం. ఎన్ని శనగలను పరీక్షించినా, ఆ నమ్మకాన్ని మాత్రం ఆయన ఒక్కసారీ తడి కాగితంలో చుట్టి చూడలేదు.

పోయిన ఆగస్టులో ఒక పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది శ్రీవాణి, అక్కడ టీబీ మందులు ఇచ్చే ఆరోగ్య కార్యకర్త. "సార్, మీ చెల్లెలు ఎలిజబెత్ మాత్రలకు రావాల్సిన తేదీ దాటి ఇరవై మూడు రోజులైంది. ఫోన్ ఎత్తడం ల్యా. ఇంటికి పోతే తలుపు తీయడం ల్యా. కాగితంలో మీ నంబరు ఉంటే చేసినా."

ఎలిజబెత్‌కు నలభై తొమ్మిది. భర్త పోయాక ఆళ్లగడ్డలో ఒక గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతోంది. నాలుగు నెలల కిందట దగ్గు తగ్గక పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆ సంగతి అన్నకూ శ్రీవాణికీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే జాకెట్టు గుడ్డ ఇచ్చేవాళ్లు ఉండరని ఆమె భయం. ఆరు నెలలు మాత్రలు మింగాలి. మూడు నెలలు మింగింది. మధ్యలో ఆపితే ఆ జబ్బు మొండికేసి మామూలు మందులకు లొంగకుండా పోవచ్చని శ్రీవాణి చెప్పగానే తిమోతి బస్టాండుకు పరిగెత్తాడు. చొక్కా గుండీలు బస్సులో పెట్టుకున్నాడు.

ఆళ్లగడ్డలో దిగి, శిల్పాలు చెక్కే షెడ్ల పక్కనుంచి నడిచాడు. తొండం మాత్రమే పూర్తయిన వినాయకులు, తల ఇంకా రాని నందులు దుమ్ములో వెల్లకిలా పడి ఉన్నాయి. వాటి వంక కూడా చూడకుండా పోయి చెల్లెలి తలుపు బాదాడు.

తలుపు తీసిన ఎలిజబెత్ చూడ్డానికి బాగానే ఉంది. బుగ్గలు కూడా కొంచెం వచ్చాయి. అది చూసి తిమోతికి ఇంకా కోపమొచ్చింది.

"ఏందిమే ఇది? మాత్రలు యాడ?"

"ఆపేసినా."

"ఎవరు చెప్పినారు?"

ఆమె గిన్నె మీద మూత తీసి చూపించింది. అందులో ఆకుపచ్చ రసం ఉంది. అడ్డసరం ఆకు నూరి తాగుతోందట, రోజూ పరగడుపున. తర్వాత ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. వాళ్ల చర్చి ప్రార్థన గుంపులో నెల కిందట వచ్చిన మెసేజీ అది. ఎలిజబెత్ పుట్టి పెరిగింది నంద్యాల సంఘంలోనే కాబట్టి ఆ గుంపులో ఇప్పటికీ ఉంది. తిమోతి కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు:

"టీబీ మాత్రలు మింగుతున్న సోదర సోదరీలారా! మీ మూత్రం ఎర్రగా వస్తోందా? అది మీ రక్తమే! మాత్రల వేడికి కాలేయం కరిగి బయటకు పోతోంది. డాక్టర్లు ఈ రహస్యం చెప్పరు. వెంటనే మాత్రలు ఆపి అడ్డసరం ఆకు రసం తాగండి. వేలమంది స్వస్థత పొందారు. ప్రభువుకే మహిమ! ఆమేన్ అని పెట్టి పది గుంపులకు పంపండి."

"దీన్ని నమ్మినావా? వేలమంది అంట! ఏ ఊరోళ్లు? నూటికి ఎంతమంది? ఒక పేరుండాదా, ఒక ఊరుండాదా దీంట్లో?" తిమోతి గొంతు వీధి చివరిదాకా వినబడింది.

"మెల్లగా అరువు. ఇంటి ఓనరుకు తెలుస్తాది" అంది ఎలిజబెత్. "నాకు ఎర్రగానే వస్తాండె అన్నా. మొదటి నెల నుంచీ. ఎవరినడగల్ల? ఆడదాన్ని, పోయి ఎవరికి చెప్పుకోవల్ల? నేను అడగకుండానే ఇది వచ్చి నా లోపల జరిగేది చెప్పె. నమ్మక ఏం చేస్తా?"

తిమోతి నోరు తెరవబోయాడు.

"ఇంకా ఉండాది. కిందకి పో. నలభై ఆరు మంది ఆమేన్ పెట్టినారు. ఐదో పేరు చదువు."

ఐదో పేరు తిమోతి.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. పేరు మారలేదు. పక్కన ఆయన ఫోటో కూడా ఉంది, ల్యాబులో సన్మానం చేసినప్పటిది, మెడలో దండతో. జరిగిందేమిటంటే, తిమోతి రోజూ పొద్దున పాలు పొంగేలోపు పొయ్యి దగ్గర నిలబడి గుంపులో వచ్చిన ప్రతిదానికీ ఆమేన్ పెట్టుకుంటూ పోతాడు. పుట్టినరోజులకు ఆమేన్, ఆపరేషన్లకు ఆమేన్, పోగొట్టుకున్న బండి తాళాలకు ఆమేన్. పెట్టకపోతే పాస్టరమ్మ ఆదివారం పట్టుకుని "ఏం బ్రదర్, కనబడడం ల్యా?" అంటుంది. ఏదీ చదవడు. చదివితే పాలు పొంగిపోతాయి. శనగ గింజను చూడకుండా కాగితం మీద పెట్టనివాడు నలభై మంది జబ్బుల మీద కళ్లు మూసుకుని ముద్రలు కొట్టుకుంటూ వచ్చాడు.

"మిగతా నలభై ఐదు మందిని నేను లెక్కలోకే తీసుకోలే" అంది ఎలిజబెత్. "మా అన్న వడ్లగింజను గూడా నమ్మడు, ఆయనే ఆమేన్ అన్నాడంటే చూసే అనింటాడు అనుకున్నా. ఆ పొద్దే మాత్రలు పైన పెట్టేసినా."

తిమోతికి చెంప పగిలినట్టయింది. కుట్టుమిషను పక్కన స్టూలు లాక్కుని కూలబడ్డాడు. సిగ్గేసింది. చెల్లెలి ముందు ఏడవడం ఇష్టం లేక గట్టిగా చీదాడు.

కాసేపటికి ఆయనకు తెలిసిన ఒకే ఒక్క విద్య గుర్తొచ్చింది. పాత పేపరు ఒకటి పరిచి, చెల్లెలి గుడ్డలు గీసుకునే సుద్ద తీసుకుని, ఆ నలభై ఐదు మందికీ ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. చెల్లెలికి కూడా వినబడాలని స్పీకరు పెట్టాడు. అందరికీ అవే ప్రశ్నలు. నువ్వు ఆమేన్ పెట్టింది చదివినావా? నీకు టీబీ ఉండాదా? అడ్డసరం తాగినావా?

మెసేజీని గుంపులో వేసిన రాజశేఖర్‌కు మొదట చేశాడు. "నాకేం తెల్సన్నా, ప్యాపిలి నుంచి మా బామ్మర్ది పంపించె" అన్నాడు అతను. బామ్మర్దికి ఎవరు పంపారంటే, ఆయనకు ఆవులు అమ్మిన మనిషట. ఆవులాయనకు ఎవరో తెలియదు. ఒకామె, తను ఆమేన్ పెట్టింది పైనున్న పసిబిడ్డ ఫోటోకని చెప్పి, బిడ్డకు టీబీనా అని ఏడుపు లంకించుకుంది. ఇంకొకాయన, పాస్టరుగారు పెట్టారు కాబట్టి పెట్టానన్నాడు. పాస్టరుగారు, అందరూ పెట్టారు కాబట్టి పెట్టానన్నాడు. సంజీవయ్యకు చేస్తే వెనక టీవీ మోగుతోంది. "ఏందీ? టీబీనా? నాకెందుకొస్తాదప్పా? మా వంశంలోనే ల్యా!" అని ఇంజన్ మోత మోగించి ఫోన్ పెట్టేశాడు.

పొద్దు వాలేసరికి పేపరు నిండా సుద్దగీతలయ్యాయి. ఆరుగురు ఫోనెత్తలేదు. ఎత్తిన ముప్పై తొమ్మిది మందిలో ఇరవై ఎనిమిది మంది అసలు చదవనేలేదు. ఆరుగురు ఇంకోదానికి పెట్టబోయి దీనికి పెట్టారు. నలుగురు పక్కవాడిని చూసి పెట్టారు. మిగిలింది సంజీవయ్య. టీబీ ఉందన్నవాడు, ఆకు రసంతో నయమైందన్నవాడు ఒక్కడూ లేడు.

"చూసినావా? సున్నా!" అన్నాడు తిమోతి, ప్రాణం లేచొచ్చి.

ఎలిజబెత్ గీతల వైపు చూసింది. "సరే. ఎవరికీ ఏమీ తెల్దు. మరి నాకు ఎర్రగా వచ్చేది ఏందన్నా?"

మెసేజీ పుచ్చుదని తేలింది గానీ, చెల్లెలి భయం అలాగే ఉంది. ఇంకో రోజైతే తిమోతి ఏదో ఒకటి గదమాయించి నోరు మూయించేవాడే. ఆ రోజు ఆ ధైర్యం రాలేదు.

"నాకు తెల్దు మే" అన్నాడు. "తెలిసినోళ్లను అడుగుదాం. పొద్దున్నే రెడీగా ఉండు."

పొద్దున ఆస్పత్రి తెరవకముందే ఇద్దరూ శ్రీవాణి గది ముందు నిలబడ్డారు. శ్రీవాణి వచ్చి, విని, నెత్తి కొట్టుకుంది.

"అక్కా, మొదటి రోజే చెప్తి గదా నీకు!"

"చెప్పింటావు. టీబీ అన్న మాట తర్వాత ఆ పొద్దు నాకేమీ వినపడలే" అంది ఎలిజబెత్.

శ్రీవాణి ఇంక తిట్టలేదు. గ్లాసులో నీళ్లు పోసి అందులో ఒక మాత్ర వేసింది. నీళ్లలో ఎర్రటి రంగు దిగుతూ వచ్చింది. "చూడు. మందు రంగే ఇది. లోపలికి పోయింది బయటికొస్తాది. రక్తం గాదు. నా దగ్గర అరవై రెండు మంది మింగుతాండారు, అందరినీ అడుగుతా, అందరికీ ఇదే రంగు. ఎవరన్నా మామూలుగానే వస్తాందన్నారంటే, మాత్రలు దిబ్బలో పారేస్తాండారేమోనని వాళ్ల ఇంటికి పోయి కూర్చుంటా. కండ్లు పచ్చబడితేనో, వాంతులు ఆగకపోతేనో భయపడల్ల. అప్పుడు పరిగెత్తుకుంటా రా. దీనికి గాదు."

ఎలిజబెత్ గ్లాసు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఈ మాట ఇంత ముద్దుగా ఎవరన్నా ఫోన్లో పంపింటే ఏం పోయె?" అంది.

తెమడ పరీక్షకు తీసుకున్నారు. జబ్బు మందులకు లొంగుతుందో లేదో తేలడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ తిమోతి నంద్యాలకు పోలేదు, సరిగ్గా తిననూ లేదు. చెల్లెలికి గుండీలు కుట్టిపెడతానని కూర్చుని అన్నీ వంకరగా కుట్టాడు. మూడో రోజు శ్రీవాణి ఫోన్ చేసింది. క్రిములు కనబడలేదు, డాక్టరు పాత మాత్రలే కొనసాగించమన్నాడు, ఆపిన రోజులన్నీ చివర్లో కలుపుకుని మింగాలి. ఎలిజబెత్ ఆ క్షణమే మాత్రలు మింగి, తిమోతి కుట్టిన గుండీలన్నీ విప్పడం మొదలుపెట్టింది.

నంద్యాలకు తిరిగొచ్చిన సాయంత్రం తిమోతి ఒక్క వేలితో గంటసేపు టైపు చేసి గుంపులో పెట్టాడు. చెల్లెలి పేరు ఎత్తలేదు. "టీబీ మాత్రల గురించి పోయిన నెల వచ్చిన మెసేజీ తప్పు. నేను చదవకుండా ఆమేన్ పెట్టినా. దాన్ని వెనక్కి తీసుకుంటాండా. ఎర్రగా వచ్చేది మందు రంగు. ఎవరన్నా మాత్రలు ఆపింటే వెంటనే ఆస్పత్రికి పోండి. తోడు కావాలంటే నన్ను పిలవండి. ఎవరికీ చెప్పను."

పది నిమిషాల్లో దాని కింద ముప్పై ఒక్క ఆమేన్లు పడ్డాయి. తిమోతి ఫోన్‌ను మంచం మీదికి విసిరేశాడు. ప్రియదర్శిని కడుపు పట్టుకుని నవ్వింది. పాస్టరుగారు ఫోన్ చేసి, ఆమేన్ వెనక్కి తీసుకోవచ్చని వాక్యంలో ఎక్కడా లేదన్నాడు.

"చదవకుండా పెట్టమని యాడుందో చూపించండి, పాస్టరుగారూ" అన్నాడు తిమోతి.

మర్నాడు పొద్దున ఆయన గేటు దగ్గర సంజీవయ్య నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. ఈ మనిషి ఎప్పుడు ఇంత చిక్కిపోయాడో, ప్రతి ఆదివారం ఫ్యాన్లేస్తూ చూసి కూడా తను ఎందుకు గమనించలేదో తిమోతికి అర్థం కాలేదు.

"నాకు గూడా ఎర్రగానే వచ్చె తిమోతీ" అన్నాడు సంజీవయ్య. ఇంజన్ మోత లేదు, గొంతులోంచి గాలి మాత్రమే వస్తోంది. "ఆపేసి నెల దాటె."

"ఆ పొద్దు ఫోన్లో ల్యాదంటివి గదన్నా!"

"పక్కన మా యామె ఉండె. ఎదురుగా కోడలు ఉండె. నువ్వేమో టమేటాల ధర అడిగినట్టు టీబీ ఉండాదా అంటివి. ఏం చెప్పల్ల?"

తిమోతి గేటు పట్టుకున్నాడు. పేపరు మీద గీసిన గీతల్లో ఇంకెన్ని ఇలాంటివో అనుకున్నాడు. అందరి చేతా నిజం చెప్పించానని విర్రవీగినవాడు, నిజం చెప్పే వీలే లేకుండా అడిగాడు.

"అందుకేనా? నేను ఆమేన్ పెట్టినాననేనా ఆపింది?" అన్నాడు, అడగడం ఇష్టం లేకపోయినా.

"నీ ఆమేన్ ఎవరు చూసినారప్పా" అన్నాడు సంజీవయ్య. "నువ్వు అన్నిటికీ అడ్డం తగుల్తావు. నా మోకాళ్లకు గూడా తగిల్తివి. అందరం నవ్వుతాం గానీ, తప్పుంటే నువ్వు ల్యాదంటావని మాకు ధైర్యం. దీనికి నువ్వు ఏమీ అనలే. అందుకే నిజమనుకుంటి."

తిమోతి లోపలికి పోయి బండి తాళం తెచ్చాడు. ఎక్కడికని ప్రియదర్శిని అడిగితే వస్తానన్నాడు, అంతే. సంజీవయ్య బండి పక్కన నిలబడి ఎక్కకుండా చూస్తున్నాడు.

"ఆడ తెలిసినోళ్లు ఎవరన్నా చూస్తే?"

"నాకని చెప్తా. నువ్వు తోడొచ్చినావు. ఎక్కు."

ఆస్పత్రిలో టీబీ గది ముందు బెంచీ మీద పాస్టరమ్మే ఉంది, పక్క గదిలో షుగరు పరీక్షకని వచ్చి. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏం బ్రదర్, ఈడ?"

"టీబీ సిస్టర్. నాకే" అన్నాడు తిమోతి. నమ్మకం కుదరడానికి దగ్గాడు కూడా, అది సరిగ్గా రాలేదు.

పాస్టరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లేచింది. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు లేచి అవతలికి పోయారు. ఖాళీ అయిన బెంచీ మీద సంజీవయ్యను కూర్చోబెట్టి, తిమోతి చీటీ కోసం వరుసలో నిలబడ్డాడు.